పూర్వజన్మలో ఇచ్చిన కల్వర్టు

యోగా దినోత్సవం నాడు నర్సీపట్నం ప్రజలకు ఒక మహత్తరమైన సత్యం తెలియబోతోందని, అబీద్ సెంటర్ నుంచి బస్టాండు దాకా కట్టిన ఫ్లెక్సీలు ముందురోజే చాటాయి. "రాజయోగి, ప్రజాబంధు, కొండచీపుళ్ల అభివృద్ధి సంస్థ చైర్మన్ శ్రీ మంగరాజు గారు తమ పూర్వజన్మ రహస్యాన్ని స్వయంగా వెల్లడిస్తారు. అనంతరం టిఫిన్."

రహస్యం కోసం కొందరు వచ్చారు. టిఫిన్ కోసం చాలామంది వచ్చారు. సూరన్న మాత్రం గెడ్డ కోసం వచ్చాడు.

సూరన్నది మాకవరపాలెం దగ్గర గెడ్డపాలెం. కాస్త చెరుకు, కాస్త జీడితోట, మిగతా జీవితమంతా మంగరాజు గారి వెనకాల జెండా. ఊరికీ రోడ్డుకీ మధ్య కొండల మీంచి దిగే వాగు ఒకటుంది, అదే గెడ్డ. ఎండాకాలం దాన్ని మేకపిల్ల దాటుతుంది, వానాకాలం ఏనుగైనా ఆలోచిస్తుంది. దాని మీద కల్వర్టు కట్టిస్తానని మంగరాజు గారు ఎన్నికల ముందు శంకుస్థాపన రాయి వేశారు. రాయి నిక్షేపంగా ఉంది. కల్వర్టే ఇంకా రాలేదు. పోయిన ఏడాది వానల్లో సోములు పెళ్లాం గెడ్డ దాటలేక గట్టు మీదే ప్రసవించింది. ఆ బిడ్డ దక్కలేదు. ఇప్పుడు సూరన్న ఒక్కగానొక్క కూతురు చిట్టితల్లి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చి కూర్చుంది. నెలలు నిండేది శ్రావణంలో. గెడ్డ నిండేదీ శ్రావణంలోనే. సూరన్నకి ఆ సంగతి తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

గ్రౌండులో మంగరాజు గారు చాప మీదకి వేంచేశారు. కుడికాలు ఒక గన్‌మన్, ఎడమకాలు ఇంకో గన్‌మన్ మడిచిపెట్టగా పద్మాసనం సిద్ధించింది. యోగా మాస్టరు గోవింద్ మైకు మూతి దగ్గర పెట్టాడు. గోవింద్ కాంట్రాక్టు ఉద్యోగి కాబట్టి చైర్మన్ గారు ఏ భంగిమలో ఉన్నా దానికొక ఆసనం పేరు చెప్పగలడు.

"ధ్యానంలో నా పూర్వజన్మ నాకు కనపడింది," అన్నారు మంగరాజు గారు. "అందులో నేను వంకాయ రంగు కండువా వేసుకుని ఉన్నాను."

ఆ కండువాతో ఆయన్ని మార్చి నెల దాకా అందరూ చూశారు. ఇప్పుడున్నది చిలకపచ్చ కండువా.

"నేను పార్టీ మారానని కొందరు అజ్ఞానులు అంటున్నారు. మారలేదు. వంకాయ కండువా తీసిన క్షణంలో ఆ మంగరాజు గారు కాలం చేశారు. చిలకపచ్చ కండువా పడిన క్షణంలో నేను పుట్టాను. మధ్యలో కాసేపు గర్భవాసం చేశాను. పార్టీ ఆఫీసు లిఫ్టు ఆగిపోయింది."

విలేకరి బుజ్జిబాబు లేచాడు. "సార్, మరి పూర్వజన్మలో మీరిచ్చిన హామీలు?"

"పోయినాయన ఇచ్చినవి నన్నడగడం న్యాయమా నాన్నా?"

"పూర్వజన్మలో కట్టుకున్న మేడ, కంకర క్వారీ?"

"అవి పుణ్యఫలం. పుణ్యం జీవుడి వెంట వస్తుంది. హామీ రాదు. శాస్త్రం చదువుకో."

"మరి మీ శ్రీమతి వెంకటదుర్గ మేడం గారు?"

"ఆవిడది ఏడు జన్మల బంధం. నేనింకా నాలుగోదాంట్లోనే ఉన్నాను."

చప్పట్లు మోగిపోయాయి. సూరన్న కూడా కొట్టాడు. ఏళ్ల తరబడి అలవాటు, సభలో చేతులు వాటంతటవే లేస్తాయి. సగంలో గెడ్డ గుర్తొచ్చి ఆపేశాడు.

టిఫిన్లయ్యాక కారెక్కబోతున్న మంగరాజు గారిని ఎలాగో అందుకున్నాడు.

"బాబూ, మా గెడ్డ సంగతి..."

"ఎవరు నువ్వు?"

"నాను బాబూ, సూరన్నని. మీ ఎనకాల జెండా అట్టుకుని తిరిగినోడ్ని."

"ఏ జన్మలో?"

"మొన్న మార్చి దాకా బాబూ."

మంగరాజు గారు కళ్లు మూసుకున్నారు. "లీలగా తెలుస్తోంది. పూర్వజన్మ వాసన. చెప్పు."

"మా సిట్టితల్లి శ్రావణంలో నీళ్లాడతాది. గెడ్డ పొంగితే ఆస్పత్రికి తోవ ఉండదు. తవరు రాయేసిన కల్వర్టు..."

"రాయి వేసినాయన కీర్తిశేషుడు సూరన్నా. అయినా మీ ఊరికి దారి లేకపోవడం మీ కర్మ. పూర్వజన్మలో మీవాళ్లు ఎవరి దారికో అడ్డంపడి ఉంటారు. అది అనుభవించి తీరాలి. నేనిప్పుడు కల్వర్టు కట్టించేశాననుకో, మీ కర్మ తీరకుండా మిగిలిపోతుంది. అంత ద్రోహం నా చేతుల మీదుగా జరగదు."

తన ఊరి మేలు కోసం ఆయన ఇంత దూరం ఆలోచించాడని సూరన్నకి అంతవరకూ తెలియదు. చైర్మన్ గారు అతని చేతిలో ఒక జ్ఞాపిక కూడా పెట్టారు. ఏటికొప్పాక లక్కబొమ్మ, పద్మాసనంలో ఉన్న మంగరాజు గారే. తల ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

ఇంటికొచ్చేసరికి సూరన్న తల్లి అచ్చియమ్మ అరుగు మీద చుట్ట అడ్డపొగ వేసుకుని కూర్చుంది. నిప్పున్న వైపు నోట్లో ఉన్నా ఆవిడ మాట ఏనాడూ తడబడలేదు.

"ఏటన్నాడురా?"

"ఆయన సచ్చిపోనాడంటమ్మా. ఇప్పుడున్నోడు ఏరే ఆయనంట. మైకులో సెప్పినాడు."

"ఎప్పుడు పోనాడు?"

"మార్చిలో."

"మరి దినం సేసినారేటి?"

"దినమేటమ్మా! మడిసి ఉన్నాడుగా."

"పోనానని ఆడే సెప్పినాడంటావు, ఉన్నాడని నువ్వంటావు. అంత పెద్ద మడిసి మైకు అట్టుకుని అబద్ధమాడతాడేటి?"

ఇన్నేళ్లు పార్టీలో పనిచేసిన సూరన్న ఆ ప్రశ్నకి ఏ జవాబు చెప్పినా తప్పే అవుతుంది.

"పోయి ఇన్నాళ్లయిపోనాది, దినం లేదు, వారం లేదు. ఇంక ఆ జీవుడు ఎక్కడికి పోతాడు? ఆ రాయికాడే తిరగతన్నాడు. కల్వర్టు పని సాగమంటే ఎలా సాగుతాది?" అంది అచ్చియమ్మ. చుట్ట తీసి ఉమ్మేసి, "దినం సేసీయాల. బేగి సేసీయాల," అని తేల్చేసింది.

ఊళ్లో ఎవరికీ ఇందులో వింతేమీ కనపడలేదు. గెడ్డపాలెంలో మనిషికి బతికుండగా అన్నం పెట్టకపోయినా చెల్లుతుంది గానీ, పోయాక దినం పెట్టకపోతే చెల్లదు. సోములు మేకపోతునిచ్చాడు. తలోచెయ్యీ వేశారు. నర్సీపట్నం వెళ్లి ఫ్లెక్సీ కొట్టించారు. వంకాయ కండువాతో దండం పెడుతున్న బొమ్మ, కింద "అశ్రునివాళి. కీర్తిశేషులు మంగరాజు గారు (పాత)". బ్రాకెట్లో ఆ మాట సూరన్నే వేయించాడు. కొత్తాయనకి కోపం రాకూడదు కదా.

ఆ ఫ్లెక్సీ ఎవరో ఫోనులో పెట్టారు. మధ్యాహ్నానికి రాజధాని నుంచి సంతాపం వచ్చింది. సాయంత్రానికి చైర్మన్ పోస్టు ఖాళీ అయిందని విని ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కండువాలు ఇస్త్రీ చేయించుకున్నారు. దినం నాటికి మంగరాజు గారు కార్ల వరసతో గెడ్డ అవతలి గట్టున ప్రత్యక్షమయ్యారు. అప్పటికే మోకాలి లోతు నీళ్లు. గన్‌మెన్ ఆయన్ని చేతుల మీద మోసుకొస్తుంటే నడిగెడ్డలో చుట్టూ చూశారు.

"ఇక్కడ వంతెనేదో ఉండాలే?"

"పాతాయన కట్టిత్తానన్నాడు బాబూ," అన్నాడు సూరన్న ఆయన చెప్పులు తల మీద పెట్టుకుని మోస్తూ.

గట్టెక్కేసరికి శంకుస్థాపన రాయికి దండ, పక్కన ఫ్లెక్సీ, ఎదురుగా కెమెరాలతో బుజ్జిబాబు తదితరులు. మంగరాజు గారు నోరు తెరిచారు. నేను చావలేదు అనబోయారని సూరన్నకి ఇప్పటికీ నమ్మకం. కానీ ఆయన చూపు రాయి మీద పడింది. తను చావకపోతే ఆ రాయి కూడా చావదు. తెరిచిన నోరు మూసి, ఫ్లెక్సీకి రెండు చేతులూ జోడించి, "మహానుభావుడు," అన్నారు. ఒక కన్నీటి చుక్క కూడా రాలింది. అంతటి నిగ్రహం యోగాభ్యాసం లేనివాళ్లకి రాదు.

పాతాయనకి ఇష్టమని గారెలు, రొయ్యలు, మేకమాంసం విస్తరిలో వడ్డించి రాయి ముందు పెట్టారు. కాకి ముడితే జీవుడు తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే కోరికేదో మిగిలిపోయినట్టు. కాకి వచ్చింది. విస్తరి చుట్టూ తిరిగి చూసింది. ఎడంగా వెళ్లి కూర్చుంది.

"కోరిక మిగిలిపోనాది," అంది అచ్చియమ్మ. అందరూ మంగరాజు గారి వైపు చూశారు. "బాబూ, ఆ పెద్దమడిసి కుర్చీ, మేడా నీకే వొచ్చినాయి కదా. ఆయన కోరిక నువ్వే తీర్సాల. తీరుత్తానని ఓ మాట అను. ముట్టుకుంటాది."

మంగరాజు గారు గొంతు సవరించుకున్నారు. "ఆయనకి మంత్రి కావాలని ఉండేది. ఆయన తరఫున నేనవుతాను."

కాకి రెక్క సర్దుకుంది.

"రెండో క్వారీ పెట్టాలని ఉండేది. పెడతాను."

కాకి అటు తిరిగి కూర్చుంది.

"కల్వర్టు అను బాబూ," అంది అచ్చియమ్మ.

కెమెరాలు దగ్గరికి జరిగాయి. మంగరాజు గారికి చెమట పట్టింది. కల్వర్టు అంటే పాత హామీ ఒకటి ఒప్పుకున్నట్టు. ఒకటి ఒప్పుకుంటే నియోజకవర్గంలో ఉన్న రాళ్లన్నీ లేచొస్తాయి. ఆయన ఒక్క క్షణం ప్రాణాయామం చేసి, "ఆ మహానుభావుడికి ఇక్కడే ఒక స్మారకం కట్టిస్తాను!" అన్నారు.

కాకి రెండు గెంతులు ఇటు వేసింది.

అప్పుడు సూరన్నకి జీవితంలో మొదటిసారి ఒక రాజకీయమైన ఆలోచన వచ్చింది. "బాబూ, ఆ కట్టేదేదో గెడ్డకి అడ్డంగా కట్టించండి. ఓ కాలు ఈ గట్టున, ఓ కాలు ఆ గట్టున. ఆయన అటూ ఇటూ కూడా ఉన్న మడిసి కదా, ఆత్మకి బాగుంటాది."

"భక్తి అంటే ఇదీ!" అన్నారు మంగరాజు గారు, కాకి మీద నుంచి కళ్లు తిప్పకుండా. "అడ్డంగానే కట్టిస్తాను."

కాకి గారె పట్టుకుని ఎగిరిపోయింది. ఊరంతా గొల్లున అరిచింది. సూరన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు.

కల్వర్టు కట్టాలంటే అంచనాలు, మట్టి పరీక్షలు, అనుమతులు, నిధులు కావాలి. స్మారకానికి మనోభావం ఉంటే చాలు. వారం తిరక్కుండా మంజూరైంది. వెంకటదుర్గ గారి తమ్ముడు బుల్లిబాబు కాంట్రాక్టరు. వానలు కాస్త ఎడమిచ్చాయి. పిల్లర్లు లేచాయి, స్లాబు పడింది. ఆటో సులువుగా పట్టే వెడల్పు. సాయంత్రం పూట చిట్టితల్లి బరువుగా నడుచుకుంటూ వచ్చి గట్టు మీద కూర్చుని చూసేది.

"నాన్నా, నానే ముందు దాటుతానేటి?"

"నువ్వే తల్లీ. నువ్వూ, కడుపులో ఉన్నోడూ."

సూరన్నకి ఆ రోజుల్లో అన్నం సయించింది. మంగరాజు గారి మీద ఉన్న కోపం కూడా పోయింది. ఎలా కట్టిస్తేనేం, కట్టించాడు.

స్లాబు ఆరాక రెండు చివరలా ఇనప గేట్లు వచ్చాయి. గేట్లకి తాళాలు వచ్చాయి. "ఆత్మసేతు స్మృతి వేదిక. పవిత్ర స్థలము. పాదరక్షలు, పశువులు, వాహనములు, రాకపోకలు నిషేధము" అని బోర్డు వచ్చింది.

సూరన్న పరుగెత్తుకెళ్లాడు. "ఇదేటండీ బుల్లిబాబు గారూ, గేట్లేటి?"

"అదేమిటయ్యా అలా అడుగుతావు? మా బావగారి ఆత్మ మీద ట్రాక్టర్లు తోలుతారా?"

"మీ బావగారు ఉన్నారు కదండీ."

"ఆయన కొత్తాయన. ఇది పాత బావగారిది," అన్నాడు బుల్లిబాబు నొచ్చుకుంటూ.

ప్రారంభోత్సవం శ్రావణ శుక్రవారం పెట్టారు. ముందురోజు కొండల మీద కుండపోత కురిసింది. తెల్లారేసరికి గెడ్డ ఎర్రగా, గట్టు అంచుల దాకా వచ్చేసింది. మంగరాజు గారు అవతలి గేటు గుండా వేదిక మీదకొచ్చి, పూర్వజన్మతో సంభాషించడానికి ధ్యానంలో కూర్చున్నారు. చుట్టూ కెమెరాలు. గోవింద్ ఇవతలి గేటు దగ్గర తాళంచెవితో నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే చిట్టితల్లికి నొప్పులు మొదలయ్యాయి. ఆశా వర్కరు పుష్పవతి ఫోను చేస్తే అంబులెన్సు వచ్చి అవతలి గట్టున ఆగింది. నులకమంచం మీద కూతుర్ని పడుకోబెట్టుకుని, సూరన్న, సోములు, మరో ఇద్దరు గేటు దాకా పరుగెత్తారు.

"మాస్టారూ, తాళం తియ్యండి!"

"సార్ ధ్యానంలో ఉన్నారు సూరన్న గారూ. కళ్లు తెరిచాక అడిగి తీస్తాను."

"ఎప్పుడు తెరుస్తారు?"

"పూర్వజన్మ ఎంత దూరం ఉంటే అంత సేపు." చెప్పేటప్పుడు గోవింద్ తల దించుకున్నాడు. అతనిది కాంట్రాక్టు ఉద్యోగం అని ముందే చెప్పుకున్నాం.

"బాబోయ్, మంగరాజు బాబూ!" అని సూరన్న గేటు పట్టుకుని ఊపాడు. మంగరాజు గారు ఒక కన్ను తెరిచారు. సూరన్నని చూశారు, మంచాన్ని చూశారు, కెమెరాల్ని చూశారు. మళ్లీ సమాధిలోకి వెళ్లిపోయారు.

"ఇంక ఆగితే ఇద్దరూ దక్కరు," అంది పుష్పవతి.

సోములు మంచం కోడు భుజాన పెట్టుకుని గెడ్డలోకి దిగిపోయాడు. వెనకాలే ముగ్గురూ దిగారు. నీళ్లు నడుముకి వచ్చాయి, రొమ్ముకి వచ్చాయి. స్లాబు పక్కనే, దాని నీడలోనే నడిచారు. ఒకచోట సూరన్న కాలు జారింది. మంచం ఒరిగింది, చిట్టితల్లి కేకేసింది. సూరన్నకి ఒళ్లంతా భయం తప్ప ఇంకేమీ మిగల్లేదు. పిల్లర్ని ఒక చేత్తో పట్టుకుని నిలదొక్కుకున్నాడు. బుల్లిబాబు కట్టిన పిల్లరు, దేవుడి దయవల్ల, నిలబడింది. పైన కెమెరావాళ్లు రెయిలింగ్ దగ్గరికి పరుగెత్తుకొచ్చి కిందకి వంగారు. ధ్యానం ఒంటరిదైపోయింది.

నర్సీపట్నం ఆస్పత్రిలో మగపిల్లాడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం.

మర్నాడు పేపర్లలో ధ్యానం బొమ్మ లేదు. వంతెన పక్కనుంచి గెడ్డలో మంచం మోసుకెళ్తున్న బొమ్మే ఉంది. రాజధాని నుంచి ఫోన్లు వచ్చాయి. మంగరాజు గారు పూలదండ, పళ్లబుట్ట, పత్రికలవాళ్లతో సహా ఆస్పత్రికి దయచేశారు. సూరన్న పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రాత్రంతా కడిగినా అతని గోళ్లలో గెడ్డ బురద పోలేదు. ఈసారి లేచి దండం పెట్టలేదు.

"నిన్న ధ్యానంలో పాత మంగరాజు గారు నా దగ్గర సెలవు తీసుకున్నారు," అన్నారు మంగరాజు గారు విలేకరుల వైపు తిరిగి. "తన స్మారకం పక్కనుంచే, తన సొంత గెడ్డలోంచే, ఈ తల్లి కడుపున భూమ్మీదకి దిగారు. గేటెందుకు తియ్యలేదని అడుగుతున్నారు. తీస్తే ఆయన ఆ గెడ్డని తాకేవారా? దైవలీలకి నేను అడ్డు రాలేదు."

ఊరివాళ్లు తలుపు దగ్గర గుంపుగా నిలబడి వింటున్నారు. బుజ్జిబాబు అడిగాడు. "అయితే సార్, కల్వర్టు? గేటు తాళాలు?"

"హామీ ఇచ్చినాయనే తిరిగొచ్చారు కదా. మధ్యలో నేనెవర్ని? సూరన్నా, నువ్వే అడుగు. నీ ఒళ్లోనే ఉన్నారు." దండ పిల్లాడి మీద పెట్టబోతే అది పిల్లాడికంటే పెద్దదైంది. ఇద్దరి మెడలకీ కలిపి వేశారు. కెమెరాలు దగ్గరికి జరిగాయి.

సూరన్నకి ఏదో అరవాలనిపించింది. చిట్టితల్లి మంచం మీంచి చూస్తోంది. తలుపు దగ్గర సోములు, తల వంచుకుని. కానీ ఇన్నేళ్లలో ఆ నోటికి పెద్దవాళ్ల ముందు వచ్చిన మాట ఒక్కటే. దండ బరువుకి మెడ వంగిపోయి, రోజు కూడా నిండని మనవడి మొహంలోకి చూస్తూ, "బాబూ, మా గెడ్డ మీద..." అన్నాడు.

పిల్లాడు మొహం ఎర్రగా చేసుకుని కేరుమన్నాడు.

"ఏమంటున్నారు సార్?" అన్నాడు బుజ్జిబాబు మైకు ముందుకి జాపి.

మంగరాజు గారు చెవి ఒగ్గి, కళ్లు మూసుకుని, శ్రద్ధగా విన్నారు.

"పరిశీలిస్తామంటున్నారు."